పొట్ట కోసే కత్తి సంగతి

బిడ్డా,

ఈసారి మేడారంల యాటను మనమే కోసుకుందామని నువ్వు అన్నవట. మీ అమ్మ ఫోన్ల చెప్తుంటే కడుపు నిండింది. మీ నాయిన కత్తి వదిలేసినంక మనింట్ల మళ్ల ఆ పని పట్టేటోడు లేడనుకున్న. వెనుకనే నువ్వు ఆన్‌లైన్ల తెప్పించిన కత్తి ఫోటో పంపింది. దాన్ని చూసినంక నాకు నిద్ర పట్టలే.

గొంతు కోసుడు, వెనుక కాళ్లకు తాడేసి కొమ్మకు వేలాడదీసుడు, నెత్తురు కారేదాక ఆగుడు, ఇయన్ని చిన్నప్పటి సంది చూసినవే. మొద్దు మీద ఎముకలు కొట్టే కత్తి వేరే. నా భయమంతా పొట్ట కోసే కత్తి మీదనే.

నువ్వు కొన్నది క్లిప్ పాయింట్. కత్తి వెన్ను, అంటే మొద్దు దిక్కు, మొన దగ్గర లోపలికి చెక్కినట్టుంటది, మొన సూది లెక్క సన్నగ ఉంటది. పొడవనీకి మంచిదే. పొట్ట తెరవనీకి గట్లాంటి మొన ఎందుకురా? డ్రాప్ పాయింట్ తీసుకో. దాని వెన్ను మెల్లగ కిందికి వంగి మొనను కలుస్తది, అందుకే మొన చెయ్యి చెప్పినట్టు వింటది. వాదర, అదే పదును దిక్కు, కొంచెం బొజ్జ తిరిగి ఉండాలె, తోలు తీసేటప్పుడు ఆ వంపే పనిచేస్తది. పిడి కాకుండ నాలుగు అంగుళాలు చాలు. వెన్ను మీద కొక్కెం ఉన్నయి గూడ అమ్ముతున్నరు. పొట్ట తోలు చీరనీకి బాగనే ఉంటది గని, ఆ కొక్కేనికి సాన పట్టుడు కష్టం.

1998 జాతర. జంపన్న వాగు ఒడ్డున చెట్ల కింద దిగినం. పొద్దు గూకింది, పెట్రోమాక్స్ లైటు వెలుతురుల కోస్తున్న. అంగట్ల కొన్న కొత్త కత్తి, జానెడు పొడుగు, సూది మొన. అందరికి చూపెట్టుకుంట మురిసిన. మీ నాయిన పొట్ట తోలును రెండు చేతుల పట్టి లాగుతున్నడు. నేను మొనను కిందికి దించి పొడిచిన. లోపల పెద్ద పొట్టకు తగిలింది. పచ్చటి గడ్డిరసం ఎగజిమ్మింది, వాసన. మాంసం ఖరాబైతదని బెదిరి కత్తిని ఒక్కసారి పైకి గుంజిన. వాడి చెయ్యి అక్కడనే ఉన్నది.

ఆ జనంల జీపు కదలనీకి రెండు గంటలు పట్టింది. తువ్వాల తడిసి నెత్తురు నా ఒళ్లెకు కారుతుంటే వాడు నాకే ధైర్యం చెప్పిండు. నరం తెగింది. అప్పటి సంది ఆ చిటికెన వేలు వంగదు. పిడి జారి నేనే కోసుకున్న అని మీ నాయినమ్మకు చెప్పిండు, నీకూ అదే చెప్పిండు. జారలే బిడ్డా. కోసింది నేను.

అందుకే చెప్తున్న, చెవినెక్కించుకో. ముందు తోలుకు చిన్న గాటు పెట్టు. ఎడమ చేతి రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి తోలును బయటికి లాగు, పేగులు లోపలనే ఉంటయి. ఆ రెండు వేళ్ల నడుమ నుంచి, వాదర బయటి దిక్కు పెట్టి కత్తిని మెల్లగ నడిపియ్యి. కార్జానికి అంటుకున్న పచ్చటి పైత్యం తిత్తి పగిలితే కార్జమంతా చేదైతది, కొంచెం కార్జం పోయినా సరే దాంతోనే కోసి పారెయ్. ఉచ్చబుడ్డను మూతి బిగబట్టి తియ్యి. తోలును కత్తితోని కంటే పిడికిలితోనే ఎక్కువ తొయ్యాలె. పిడికి వేలు జారకుండ అడ్డు ఉండాలె, నెత్తురు, కొవ్వు అంటినంక ఎంత గట్టి చెయ్యైనా జారుతది.

ఇంకోటి. ఆ చుట్టుముట్టు ఏటూరునాగారం అభయారణ్యం. వేట కత్తి ఉన్నదని దోస్తులు దుప్పి అనో పంది అనో ఉసిగొల్పితే వినకు. 1972 వన్యప్రాణుల చట్టం కింద జైలుకు పోతవు. నీ మీద నాకు నమ్మకమే, నీ దోస్తుల మీద లేదు.

ఆదివారం ఇంటికి రా. కమ్మరి దగ్గర లారీ కమాన్ పట్టీతోని చేయించిన కత్తి నా దగ్గర ఉన్నది, మొన వంగినదే. తుప్పు పట్టకుండ నూనె రాసి పెట్టిన. దాన్ని నీకిస్త. మీ నాయినను గూడ తోలుకొని రా, గని వాణ్ని పక్కన కూసోబెట్టు. జాతరల పొట్ట తోలు నేను పట్టుకుంట.

మీ పెద్దబాపు