లద్దాఖ్ పోటీకి అనంతగిరి ఘాట్ సాధన సరిపోతుందా?

విజయనగరంలో ఉంటూ ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి దిగే సాధన, లద్దాఖ్‌లో జరిగే సుదూర మౌంటెన్ బైక్ పోటీకి సరిపోతుందా అని మీరు అడిగారు. ఆ ఘాట్‌లో ఏళ్ల తరబడి తొక్కి, తరువాత లేహ్‌లోనూ తొక్కినవాడిగా చెబుతున్నాను: కాళ్లకు సరిపోతుంది, రక్తానికి సరిపోదు.

ఆ ఘాట్ దారి చేరే అరకు లోయ ఎత్తు సుమారు 900 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తైన శిఖరమే 1,700 మీటర్లకు లోపు. లేహ్ పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే, కానీ పీడనం మన తీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులకు పడిపోవడం వల్ల ప్రతి శ్వాసకూ అందేది ఆ మేరకు తగ్గుతుంది. ఈ లోటును పసిగట్టిన మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేసి ఎర్ర రక్తకణాలను పెంచుతాయి. అయితే అందుకు 2,000 మీటర్లకు పైన మూడు నాలుగు వారాలు నివసించాలే తప్ప, పొద్దున్నే కొండెక్కి సాయంత్రానికి ఇంటికి చేరితే ఫలితం ఉండదు.

కాబట్టి ఎక్కుడులో ఒకే వేగంతో గంటల తరబడి తొక్కే ఓర్పును ఇక్కడే సంపాదించుకుని, వీలైతే పోటీకి మూడు నాలుగు వారాల ముందే, లేదంటే ఎత్తుకు అలవాటుపడేందుకు కనీసం రెండు వారాల ముందైనా అక్కడికి చేరండి. విమానంలో నేరుగా దిగడం కన్నా శ్రీనగర్, కార్గిల్‌లలో ఆగుతూ వెళ్లడం శరీరానికి మేలు. మనాలి దారిలో మధ్యలో రాత్రి ఆగే సర్చు, లేహ్ కంటే ఎత్తున ఉంది కనుక ఆ దారి అంత మేలు కాదు. మొదటి రెండు మూడు రోజులు సైకిల్ ముట్టుకోవద్దు. లేహ్‌లో తొలి రాత్రి నా పక్కన పడుకున్న మిత్రుడి ఊపిరి కొన్ని క్షణాలు పూర్తిగా ఆగి, ఒక్కసారిగా నాలుగైదు పెద్ద శ్వాసలుగా తిరిగివచ్చేది. ఆ ఎత్తులో నిద్రపోయేవారికి ఇది మామూలేనని తెలిసినా, చాలాసేపు లేచి కూర్చుని వింటూ ఉండిపోయాను. ఆకలి కూడా మందగిస్తుంది. అన్నం సయించని పూట నేను వెంట తీసుకువెళ్లిన చోడి (రాగి) పిండితో కాచిన అంబలే దిగింది.

బయలుదేరే ముందు రక్తపరీక్షలు తప్పనిసరి. ఇనుము నిల్వలు తక్కువగా ఉంటే ఎంత ఎత్తున ఉన్నా కొత్త రక్తకణాలు తగినన్ని తయారుకావు. మీతో వచ్చే మిత్రులు పార్వతీపురం ఏజెన్సీ వారన్నారు కనుక వారు సికిల్ సెల్ పరీక్ష చేయించుకోవాలి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే ఈ వంశపారంపర్య వ్యాధి ఏజెన్సీ గిరిజనుల్లో ఎక్కువ. ఆ జన్యువు ఒక్కటే ఉండి ఏ లక్షణాలూ లేని వాహకులకు సైతం అంత ఎత్తున శ్రమిస్తే ప్లీహానికి (స్ప్లీన్) రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. మీ సొంతూరు మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్న ఉద్దానంలో అని రాశారు, అందువల్ల మీరు మూత్రపిండాల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోండి. ఎత్తుకు అలవాటుపడేందుకు వైద్యులు రాసే అసిటజోలమైడ్, తలనొప్పికి వేసుకునే ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు మీకు తగునో లేదో ఆ ఫలితం చూసి వైద్యుడే నిర్ణయించాలి.