పెరట్లో కాంక్రీట్ బెడ్ మనమే వేసుకోవచ్చా?

ప్రశ్న: మొక్కల సామాన్లు పెట్టుకోవడానికి పెరట్లో రెడీమేడ్ చెక్క గది బిగించుకోబోతున్నాం. పొడవు 10 అడుగులు, వెడల్పు 8. దాని కింద కాంక్రీట్ బెడ్ నేనూ మా అబ్బాయీ కలిసి వేసుకోవాలని ఆశ. ఇద్దరం ఎప్పుడూ సిమెంట్ ముట్టుకోలేదు. ఎంత మందం వేయాలి? సరుకు ఎంత పడుతుంది? ఒక్క రోజులో అయిపోతుందా? తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు)

జవాబు: వేసుకోగలరమ్మా. సామాన్ల గదికి 4 అంగుళాల మందం చాలు. కానీ ముందు ఒక లెక్క చూడండి. 10, 8 అడుగుల కొలతతో 4 అంగుళాల బెడ్ అంటే ముప్పాతిక ఘనపు మీటరు కాంక్రీట్. బరువులో దగ్గర దగ్గర 1,800 కిలోలు. అదంతా మీ ఇద్దరి చేతుల మీదుగానే కలవాలి, మోయాలి, పరవాలి. అందుకే ఒక్క రోజులో వద్దంటాను. మధ్యలో అడ్డంగా ఒక చెక్క నిలబెట్టి 5, 8 అడుగుల రెండు సగాలు చేసుకోండి. ఈ రోజు ఒక సగం, మర్నాడు ఆ చెక్క తీసి రెండో సగం. ఆ అతుకు వల్ల నష్టమేమీ లేదు. కాంక్రీట్ ఆరుతూ కుంచించుకునేటప్పుడు పగులు వస్తే ఆ గీత వెంటే వస్తుంది, ఎక్కడ పడితే అక్కడ రాదు. అసలు ప్రమాదం అలసిపోయి మధ్యలో ఆగిపోవడం. కలిపిన కాంక్రీట్ అరగంట దాటితే బిగుసుకోవడం మొదలెడుతుంది. చెక్క అడ్డు లేకుండా ఎక్కడో వంకరగా గట్టిపడిన అంచుకు తర్వాత పోసింది సరిగా అతుక్కోదు.

ఇక నేల. చాలామంది కాంక్రీట్ రోజు గురించే ఆలోచిస్తారు గానీ బెడ్ కుంగేది నేల వల్లే. పైమట్టిలో వేర్లు, ఆకులు కుళ్లిన పదార్థం ఉంటాయి. అవి నశించిన చోట గుంట పడుతుంది. కాబట్టి 6 అంగుళాలు తవ్వి ఆ మట్టి మొక్కలకు వాడుకోండి. అడుగున ఇంకా మెత్తగా ఉంటే గట్టి నేల తగిలేదాకా పోవాల్సిందే. తవ్వకం నాలుగు వైపులా అరడుగు ఎక్కువే ఉండనివ్వండి. అందులో పగలగొట్టిన రాళ్లు, ఇటుక ముక్కలు నింపి దిమ్మిసతో కొట్టాలి. 6 అంగుళాలూ ఒకేసారి పోసి పైపైన కొడితే అడుగు వదులుగానే ఉండిపోతుంది. మూడేసి అంగుళాల చొప్పున రెండు వరసలుగా వేసి, కాలితో తొక్కితే రాయి కదలనంత వరకు కొట్టండి. చేతులు నొప్పి పుడతాయి. అయినా ఈ పని మాత్రం తగ్గించొద్దు. దీనికి 60 ఘనపుటడుగుల దాకా రాళ్లు పడతాయి.

రాళ్ల మీద పలచగా ఇసుక చల్లి, దళసరి పాలిథిన్ షీటు పరవండి. మందం 1,000 గేజ్‌కు తక్కువ వద్దు. నేల చెమ్మ పైకి రాకుండా ఆపేది ఆ షీటే, చెక్క గదికి అది చాలా ముఖ్యం. అతుకు వస్తే ఒక షీటు మీద ఇంకొకటి అడుగు మేర ఎక్కించండి. షీటు మీద చుట్టూ 4 అంగుళాల ఎత్తు చెక్కలు పెట్టి, బయటి నుంచి గుంజలు కొట్టి బిగించండి. ఇలా చేస్తే బెడ్ మొత్తం నేలకు పైనే ఉంటుంది, వాన నీళ్లు గదిలోకి రావు. బెడ్ కొలత గది కొలతకు సరిగ్గా సమానం కావాలి. అందం కోసం నాలుగు అంగుళాలు బయటికి వదిలితే ఆ అంచు మీద నీళ్లు నిలిచి చెక్క కిందికి పాకుతాయి.

మూలలు సరిగా ఉన్నాయా లేదా కంటితో తెలియదు. ఈ మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టండి, తర్వాత రెండో జత మూలలకు. రెండూ సమానం కావాలి. మీ కొలతకు అది సుమారు 12 అడుగుల 9.7 అంగుళాలు రావాలి. మట్టం చూడటానికి నీళ్లు నింపిన సన్నని ట్యూబు కంటే నమ్మకమైంది నాకు తెలియదు.

కాంక్రీట్‌కు 1 పాలు సిమెంట్, ఒకటిన్నర ఇసుక, 3 పాళ్లు 20 మిల్లీమీటర్ల కంకర. చేత్తో కలుపుతున్నారు కాబట్టి 10 శాతం సిమెంట్ అదనంగా వేసుకుంటే మొత్తం 7 బస్తాలు. ఇసుక 13, కంకర 26 ఘనపుటడుగులు చాలు. పారలతో లెక్కపెట్టొద్దు, ఒక పార నిండుగా వస్తే ఇంకోటి సగమే వస్తుంది. ఒకే బకెట్‌తో కొలవండి. ఇసుక, సిమెంట్ పొడిగా ఒకే రంగు వచ్చేదాకా కలిపి, కంకర వేసి తిప్పి, మధ్యలో గుంట చేసి నీళ్లు పోయండి. మట్టి నేల మీద కలపొద్దు, రేకు మీదో పలకల మీదో కలపండి.

ఇప్పుడు నేను పట్టుబట్టి చెప్పే మాట. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు మించి నీళ్లు పోయొద్దు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. కలుపుతుంటే చేతులు పడిపోతాయి, ఇంకో చెంబు పోస్తే సులువవుతుంది అనిపిస్తుంది. సైట్ల మీద పని చేయించిన మనిషిగా చెబుతున్నా, ఆ చెంబు దగ్గరే బెడ్ పాడవుతుంది. సిమెంట్ గట్టిపడటానికి కావలసింది కొంత నీరే. ఎక్కువైంది ఆవిరై పోతూ లోపల సన్నని ఖాళీలు వదిలి వెళ్తుంది. బలం తగ్గుతుంది, పై పొర పొడిలా రాలుతుంది. కలిపిన ముద్దను పారతో కుప్ప చేస్తే కుప్పగానే నిలబడాలి, జావలా జారకూడదు.

చెక్కల కంటే కొంచెం ఎత్తుగా పోసి, అంచుల వెంబడి కడ్డీతో పొడవండి. లేకపోతే పక్కల గుల్లలు వస్తాయి. తర్వాత వంకర లేని పలకను చెరో చివరా పట్టుకుని, రంపం లాగినట్టు అటూ ఇటూ ఆడిస్తూ ముందుకు జరపండి. కాసేపటికి పైకి నీరు తేలి మెరుస్తుంది. ఆ మెరుపు పోయేదాకా తాపీ ముట్టుకోవద్దు, పొడి సిమెంట్ అసలే చల్లొద్దు. తర్వాత చెక్క తాపీతో రుద్దితే చాలు, అడుగు జారని గరుకు మిగులుతుంది.

రబ్బరు చేతి తొడుగులు, బూట్లు, కంటి అద్దాలు లేకుండా మొదలుపెట్టొద్దు. తడి సిమెంట్ క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. మంట వెంటనే తెలియదు కూడా. ప్యాంటు మోకాలి దగ్గర తడిస్తే అప్పుడే విప్పి కడుక్కోండి.

పోసిన కొన్ని గంటలకు, వేలు దిగనంత గట్టిపడ్డాక, తడి గోనెలు కప్పి వాటి మీద పాలిథిన్ వేయండి. 7 రోజులు తడి ఆరకూడదు, ఎండ తీవ్రంగా ఉంటే 10. సిమెంట్ నీటితో కలిసి చర్య జరుపుకుంటేనే బలం వస్తుంది, నీరు ఆరిపోతే ఆ చర్య అక్కడే ఆగిపోతుంది. ఆ రోజులు పూర్తయ్యాక గది బిగించుకోండి.

ప్రశ్న: నాలుగు అంగుళాల బెడ్‌లో ఇనుము వేయాలా? తెలిసినవాళ్లు తప్పకుండా వేయమంటున్నారు.

జవాబు: కింద నేల గట్టిదై, పైన తేలికపాటి గదే అయితే అక్కర్లేదండీ. బెడ్ అంతా నేల మీదే ఆని ఉంటుంది. వానకు ఉబ్బి ఎండకు బీటలు వేసే బంకమట్టి అయినా, కొత్తగా నింపిన నేల అయినా వేయండి. 8 మిల్లీమీటర్ల కడ్డీలు 8 అంగుళాల ఎడంతో చాలు. కానీ ఆ కడ్డీలతో కట్టిన జాలీని షీటు మీద పడుకోబెట్టి, పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాంలే అనుకోకండి. లాగినా కాలు పడగానే మళ్లీ దిగిపోతుంది. అడుగున పడి ఉన్న ఇనుము పైపగుళ్లను ఆపదు. 2 అంగుళాల కవర్ బ్లాకుల (ఇనుమును ఎత్తులో నిలిపే చిన్న దిమ్మల) మీద ముందే నిలబెట్టండి.

ప్రశ్న: నిల్వ ఉన్న సిమెంట్ బస్తాలు వాడొచ్చా?

జవాబు: మూడు నెలలు దాటితే ఈ పనికి వద్దు. అంతకు లోపైనా, వేళ్లతో నలిపితే పొడి కాని గడ్డలుంటే పక్కన పెట్టేయండి.

ప్రశ్న: మొన్ననే బెడ్ పోశాం. మర్నాటికే పైన సాలెగూడులా సన్నని గీతలు వచ్చాయి. పగలగొట్టి మళ్లీ వేయాలా?

జవాబు: తొందరపడకండి. పైన తడి చేసి, ఆరుతుండగా చూడండి. బ్లేడు మొన కూడా దిగనంత సన్నగా, పైపైనే ఉంటే అవి ఎండకో గాలికో పై పొర గబగబా ఆరడం వల్ల వచ్చినవి. బెడ్ బలానికి ఢోకా లేదు. వాటి మీద సిమెంట్ పాలు (నీళ్లలో పలచగా కలిపిన సిమెంట్) పూయొద్దు, పెచ్చులుగా లేచిపోతాయి. ఇప్పుడే గోనెలు కప్పి తడపడం మొదలుపెట్టండి.

అలా కాక పగులు ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయి, వేలితో తడిమితే ఒక వైపు ఎత్తుగా తగిలితే కింద నేల కుంగుతోందని అర్థం. పగులుకు అటూ ఇటూ రెండు పెన్సిల్ గుర్తులు పెట్టి, మధ్య దూరం కొలిచి రాసుకోండి. నెల తర్వాత మళ్లీ కొలవండి. దూరం పెరుగుతుంటే కుంగిన భాగం తీసి, కింద రాళ్లు మళ్లీ కొట్టి పోయాల్సి ఉంటుంది. అంతవరకు దాని మీద గది నిలబెట్టొద్దు.