మిర్చి కాయకుళ్ళుకి కషాయం పనిచేస్తుందా?

మిర్చిలో కాయకుళ్ళు, కొమ్మఎండు ఆగాలంటే ఆకులు మురగబెట్టిన కషాయం సరిపోతుందా, లేక మందుల షాపుకి పోవాల్సిందేనా అని అడిగారు. మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు, తేజ రకం మిర్చి వేస్తాం. నన్నడిగితే కషాయం చాలు. కానీ తెగులు రాకముందే కొట్టాలి. పండుకాయ మీద నల్లమచ్చ గుండ్రంగా గుంటపడ్డాక ఏం కొట్టినా ఆ కాయ తాలే, అంటే రంగుపోయి రేటు పలకని కాయే.

వేప, కానుగ, సీతాఫలం, ఉమ్మెత్త, జిల్లేడు లాంటి పది రకాల ఆకులు పేడ, ఆవు మూత్రంలో నలభై రోజులు మురిగే దశపర్ణి కషాయాన్ని పురుగు కోసమే అంటారు. మేం తెగులుకీ వాడతాం, మధ్యమధ్యలో పుల్లటి మజ్జిగ కొడతాం. మజ్జిగ అయితే వంద లీటర్ల నీళ్లకి ఆరు లీటర్లు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అప్పుడు మా చేలో కాయ ఎర్రబడుతోంది. వాన తెరిపివ్వగానే బాబాయి ముందు కాలవలు తీయించి నీళ్లు బయటికి పంపాడు. తర్వాత కూలీల చేత ఎండు కొమ్మలన్నీ కత్తిరించి గట్టు అవతల తగలబెట్టించాడు. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం ఎండు కొమ్మల్లోనే కాచుకుని, వాన చినుకుతో ఎగిరి పక్క కాయ మీద పడుతుంది. ఆ తర్వాతే కషాయం డ్రమ్ము మీద గోనెసంచి తీశాం. స్ప్రే కొట్టే అబ్బాయి ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, ‘ఈ కంపుకి కూలి వేరే ఉంటది బాబాయ్’ అన్నాడు. రెండు సాళ్లు దాటాడో లేదో నాజిల్‌లో జిల్లేడు పీచు అడ్డం పడింది. వాడు ఈనెపుల్లతో పొడుస్తుంటే బాబాయి కేకలు: ‘పంచె రెండు మడతలు పెట్టి వడకట్టమంటే వినరు కదరా!’ వీడియోల్లో చెప్పేవాళ్లు ఈ వడకట్టే బాధ మాత్రం చెప్పరు. సగం మంది కషాయం మానేసేది ఇందుకే.

పక్క చేనాయన నాలుగు సీసాల మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టాడు. కోతల్లో ఆయన తాలు బస్తాలు మాకంటే ఎక్కువే. అది కషాయం గొప్ప కాదు, మీరు కొమ్మలు తీయడం వల్ల అంటాడాయన. ఉండొచ్చు. కానీ కషాయం కొట్టే ఓపిక ఉన్నవాడే కొమ్మలూ తీస్తాడు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మాత్రం మా కషాయమూ ఆపలేదు, ఆయన మందులూ ఆపలేదు.

ఇప్పుడు షాపుల్లో సీసా దశపర్ణి కూడా వచ్చింది. మూత తీస్తే అగరొత్తుల వాసన! అందులో ఉమ్మెత్త ఉందంటే నేను నమ్మను.

అసలు మంట ఇంకోటి ఉంది. ఇంత చేసి గుంటూరు మిర్చి యార్డుకి తోలితే, కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి రంగు చూస్తాడు, విరిచి తేమ చూస్తాడు, తాలు ఏరి చూపించి రేటు తగ్గిస్తాడు. ఏం కొట్టి పండించావని అడిగిన వాడు నాకు ఇంతవరకు తగల్లేదు. క్వింటాకి వంద రూపాయలు ఎక్కువిచ్చినా ఆ స్ప్రే అబ్బాయి కూలి గిట్టేది.