ఇంట్లో పిల్లల ఫోటోలకి 50 ఎంఎం లెన్స్ కన్నా 35 ఎంఎం నయం

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా, దాంతో పాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్ ఉన్నాయి, ఇంట్లో పిల్లల ఫోటోలు షేక్ అయినట్టు వస్తున్నాయి, టూర్లకీ పనికొచ్చేలా 18-135 కొనాలా, 50 ఎంఎం ఎఫ్/1.8 కొనాలా అన్నారు కదా. 18-135 వద్దండి. దూరంవి దగ్గరికొస్తాయి గానీ గదిలో వెలుతురు సమస్య అలాగే ఉంటుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. ఇలాంటి జూమ్ లెన్సులు పూర్తిగా జూమ్ చేసినప్పుడు ఇచ్చే ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 సుమారు 10 రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది, అందుకే పరిగెత్తే పిల్లాడిని కూడా 1/250 సెకను షట్టర్‌తో పట్టుకోవచ్చు. కాకపోతే 50 అనేది క్రాప్ సెన్సర్ మీద దాదాపు 75-80 ఎంఎం లాగా పనిచేస్తుంది, అంటే తక్కువ భాగమే కనిపిస్తుంది, నలుగురిని ఫ్రేములో పెట్టాలంటే మీ వీపు గోడకి ఆనుతుంది (ఆ తప్పు నేను చేశాను). అందుకే 35 ఎంఎం ఎఫ్/1.8 చూడండి, వెలుతురు అంతే వస్తుంది, ఫ్రేములో ఎక్కువ పడుతుంది. కొనేముందు కిట్ లెన్స్ జూమ్ రింగ్‌ని 35 దగ్గర పెట్టి టేప్ వేసి ఒకరోజంతా తీయండి, మీకే తెలిసిపోతుంది. టూర్లలో కొండలకీ భవనాలకీ ఆ పాత 18-55 చాలు, పగటి వెలుతురులో దానికేం తక్కువ లేదు.