షేక్ ప్లాన్‌కి నెలకి 8,100 ఈఎంఐ... కట్టేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా వారు పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టుల్లో చేస్తారు, జీతం 31,000. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, 14,000 వస్తుంది. నెల సరుకులకి 7,500 అవుతోంది. నెలలో పది రోజులు ఆయనకి ఫస్ట్ షిఫ్ట్, ఐదింటికే ఏమీ తినకుండా బస్సెక్కేస్తారు. మధ్యాహ్నం దిగాక ఆకలికి ఆగలేక 150 పెట్టి బిర్యానీ పార్సిల్ తెచ్చుకుంటారు. నేను ఇంట్లో ఉప్మా తిని వెళ్తాను. ఆయనకి పాలు పడవు. అందుకని పాలు లేకుండా బఠాణీ, సోయా ప్రొటీన్‌తో చేసే మీల్ షేక్ ఇద్దరం రోజూ పొద్దున్న తాగుదామనుకుంటున్నాం. కిలో డబ్బా 2,700. ఆరు నెలల ప్లాన్ అయితే ఇద్దరికీ కలిపి 48,600, నెలకి 8,100 చొప్పున నో కాస్ట్ ఈఎంఐ. మా అత్తవారిది కవిటి దగ్గర, మామగారికి కిడ్నీ సమస్య ఉంది. చేతిలో అవసరానికి దాచింది 30,000. ఏ షేక్ మంచిది, ప్లాన్ తీసుకోమంటారా?

జవాబు: ముందే చెప్పేస్తానమ్మా, ఆరు నెలల ప్లాన్ తీసుకోకండి. షేకే వద్దని మాత్రం అనను, మీ వారికి నెలలో కొన్ని రోజులు అది నిజంగా పనికొస్తుంది. ఆ రోజులు ఏవో తేల్చుకోకుండా ఇద్దరికీ, రోజూ, ఆరు నెలలకి ఒకేసారి కట్టేయడమే నాకు నచ్చలేదు.

డబ్బా అనగానే నెలకి ఒకటి సరిపోతుందనిపిస్తుంది. వెనక చూడండి, ఒకసారికి 60 గ్రాములు అని ఉంటే కిలోకి 16 గ్లాసులే, అంటే గ్లాసు 169 రూపాయలు, ఇద్దరూ తాగితే డబ్బా ఎనిమిది రోజుల్లో ఖాళీ. ప్లాన్‌లో గ్లాసు 135కే పడుతుంది, తగ్గిన మాట నిజమే. కానీ నెలకి 8,100 అంటే మీ ఇద్దరి సంపాదనలో 18 శాతం. ఇంటిల్లిపాదికీ నెలంతా తెచ్చే సరుకుల కన్నా పొద్దున్న తాగే రెండు గ్లాసులకే ఎక్కువ పెడుతున్నారు.

నేను ఇలాంటివాటికి ఒకటే అడుగుతాను, ఇది మీ పద్దులో ఏ ఖర్చుని కొట్టేస్తుంది అని. ఫస్ట్ షిఫ్ట్ రోజుల్లో మీ వారి షేక్ ఆ 150 బిర్యానీని కొట్టేస్తుంది, కడుపు ఎండకుండా ఇంటికొస్తే పార్సిల్ జోలికి పోరు కదా. 169 పోయినా 150 మిగిలింది, పైగా ఆయన ఒంటికీ మంచిది. అదే మీ గ్లాసు మీ ఉప్మాని కొట్టేస్తుంది, ఆ ఉప్మాకి ఇరవై రూపాయలు కూడా కాదు. మిగతా షిఫ్టుల్లో ఆయన ఇంట్లోనే టిఫిన్ చేస్తారు కాబట్టి అప్పుడూ అంతే. పది ఫస్ట్ షిఫ్ట్ రోజులకి పది గ్లాసులు, మీకు స్కూల్లో పరీక్షల హడావిడి ఉన్న రోజులకి ఓ ఆరు, మొత్తం పదహారు. నెలకి ఒక్క డబ్బా, 2,700. అంతకు మించి మీ ఇంటికి అక్కర్లేదు.

ఏ డబ్బా అంటారా, కంపెనీ పేరు చెప్పను, చూడాల్సినవి చెప్తాను. షాపుల్లో, ఆన్‌లైన్లో మొక్కల ప్రొటీన్ అని కనిపించేవాటిలో చాలావరకు ఉత్త ప్రొటీన్ పొడులే, 30 గ్రాముల స్కూప్‌కి 120 క్యాలరీల దాకా ఉంటాయి, భోజనానికి బదులుగా చేసినవి కావు. అది తాగి డ్యూటీకెళ్తే తొమ్మిదింటికే మళ్లీ ఆకలి, షేక్ డబ్బులూ బిర్యానీ డబ్బులూ రెండూ పోతాయి. మీల్ రీప్లేస్‌మెంట్ అని రాసున్నది తీసుకుని ఒక గ్లాసుకి 250 క్యాలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్, కనీసం 5 గ్రాముల పీచు ఉన్నాయో లేదో చూడండి. అందులో ఒక అరటిపండు కలిపి మిక్సీ పడితే ఇంకో వంద క్యాలరీలు వస్తాయి. బఠాణీ, బియ్యం ప్రొటీన్లు రెండూ కలిసినది మంచిది, ఒకదానిలో తక్కువైన అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ తయారయ్యే ముక్కలు) రెండోదానిలో ఉంటాయి, మనం పప్పన్నం తినడంలో ఉన్న కిటుకే అది. వాడిన పదార్థాల వరసలో మొదట్లోనే చక్కెరో, దానిలాగే తొందరగా అరిగిపోయే పిండిపదార్థం మాల్టోడెక్స్‌ట్రినో కనిపిస్తే వదిలేయండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు 14 అంకెలు ఉండాలి. ఇక్కడొక చిన్న సంగతి, స్కూప్‌ని గోపురంలా నింపితే 60 గ్రాములు కాస్తా 70 దాటిపోయి డబ్బా రెండు రోజులు ముందే అయిపోతుంది, చాకు వెనకవైపుతో పైన సమంగా గీసేయండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది వేరే ఉంది, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మీ అత్తవారిది కవిటి అంటే ఉద్దానం. అక్కడ కిడ్నీ జబ్బు ఇళ్లకిళ్లని ఎలా పట్టి పీడిస్తోందో మీకు నేను చెప్పాలా, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, మొదట్లో ఏ లక్షణమూ కనిపించదు. మీ వారిది ఆ ఊరే, తండ్రికి ఆ జబ్బుంది. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకి ప్రొటీన్, పొటాషియం, ఫాస్ఫరస్ ఎంతవరకు ఇవ్వాలో డాక్టరే చెప్పాలి, ఈ షేకుల్లో ఆ మూడూ ఉంటాయి. కాబట్టి డబ్బా కొనకముందే మీ వారికి సీరం క్రియాటినిన్ అనే రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయించి రిపోర్టు డాక్టరుకి చూపించండి. కొన్ని వందలతో అయిపోతుంది. బాగానే ఉందంటేనే షేక్. మామగారికి మాత్రం బలానికని ఒక్క గ్లాసు కూడా ఇవ్వకండి.

పరీక్ష బాగున్నా రోజూ షేక్ తాగాల్సినంత లోటేమీ ఆయనకి ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు, 65 కిలోల మనిషికి 54 గ్రాములు. పప్పు, గుడ్డు, చేప ఉన్న ఇంట్లో అది పెద్ద కష్టం కాదు. కండ పెంచడానికని ప్రొటీన్ పొడుల మీద పడొద్దని 2024 ఆహార మార్గదర్శకాల్లో వాళ్లే చెప్పారు.

మిగతా రోజుల్లో షేక్ లాంటిదే కావాలంటే మన చోడి, అంటే రాగి, ఉండనే ఉంది. చోళ్లు నానబెట్టి, మొలక రానిచ్చి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండిమరలో ఆడించుకోండి. రాత్రి మనిషికి 40 గ్రాముల చోడిపిండి నీళ్లలో ఉడికించి చల్లారబెట్టండి. పొద్దున్న 40 గ్రాముల పుట్నాల పొడి, 20 గ్రాముల వేయించిన వేరుశనగ గుళ్ల పొడి, కాస్త బెల్లం వేసి చిలికితే సరి. పాలు అక్కర్లేదు. దాదాపు 16 గ్రాముల ప్రొటీన్, 380 క్యాలరీల పైన, చోడి వల్ల మంచి కాల్షియం, మా వీధి కొట్టు ధరల్లో గ్లాసుకి 15 రూపాయలు. డబ్బాలో కలిపే విటమిన్ బి12 దీనిలో ఉండదు, అది గుడ్డు, చేపల నుంచి రావాలి. కిడ్నీ రిపోర్టు తేడాగా ఉంటే ఇది కూడా డాక్టర్ని అడిగాకే.

ఇక ఆ ఈఎంఐ. వడ్డీ లేని ఈఎంఐ అంటూ ఏదీ ఉండదని 2013లో రిజర్వ్ బ్యాంకే అంది. ఆ వడ్డీ మీకు రావాల్సిన డిస్కౌంట్‌లోనో ప్రాసెసింగ్ ఫీజులోనో దాక్కుంటుంది, దాని మీద జీఎస్టీ కూడా బ్యాంకు వేస్తుంది. మూడేళ్ల కిందట మేమూ ఒకచోట మూడు నెలల ప్లాన్ తీసుకున్నాం, సరుకంతా ఒకేసారి పంపేశారు. మొదటి డబ్బా ఇష్టంగానే తాగాం. రెండోది సగమయ్యేసరికి మా ఆవిడకి ఆ వాసన పడలేదు, మూడోది వానాకాలం చెమ్మకి ఉండ కట్టేసి స్పూనుతో పొడిచినా ఊడలేదు. వెనక్కి తీసుకుంటారా అని అడిగితే కుదరదన్నారు. అందుకే చెప్తున్నాను, ముందు చిన్న ప్యాకెట్లు నాలుగైదు తెప్పించి ఫస్ట్ షిఫ్ట్ వారంలో ఆయనకి పడుతోందో లేదో చూడండి, ఆ తర్వాతే డబ్బా.

8,100 ఎలాగూ తీద్దామనుకున్నారు కదా, అందులో షేక్‌కి 2,700, చోడి సరుకులకి 700 పోను 4,700 మిగులుతుంది. జీతం పడ్డ మర్నాడే 4,500 బ్యాంకు ఆర్డీ (రికరింగ్ డిపాజిట్)లోకి వెళ్లేలా పెట్టేయండి. ఆరు నెలల్లో వడ్డీ కాక 27,000, దాచిన 30,000తో కలిపి 57,000 అవుతుంది. మామగారిని ఏ అర్ధరాత్రో పలాసకో విశాఖకో తీసుకెళ్లాల్సి వస్తే మీ చేతిలో ఉండేది ఆ డబ్బే.