నీటి కమిటీల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా?

వాతావరణం ఇలా మారిపోతుంటే నగర నీటి నిర్వహణలో ప్రజల్ని కలుపుకుంటే ఫలితం ఉంటుందా, లేక మీటింగు పెట్టి సంతకాలు తీసుకోవడంతోనే సరా అని అడిగారు. కొన్నేళ్లుగా మా కాలనీ నీటి కమిటీలో పనిచేస్తున్నాను. ఫలితం ఉంటుంది, కాకపోతే నీటి సరఫరా లెక్కలు జనం చేతిలో ఉండాలి.

మేం ఒక నోటుపుస్తకంతో మొదలుపెట్టాం. పైపులైను మొదట్లో ఒక ఇల్లు, మధ్యలో ఒకటి, చివర ఒకటి ఎంచుకున్నాం. నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడు ఆగాయి, బిందె నిండడానికి ఎంతసేపు పట్టింది రాయించాం. అంతకుముందు "మాకు రావట్లేదు" అంటే నీళ్లు వదిలే సిబ్బంది "అందరికీ సమానంగానే వదులుతున్నాం" అనేవారు. మాట అక్కడితో తెగిపోయేది. పుస్తకం ముందు పెట్టాక, మొదటి ఇంట్లో బిందె నిండేసరికి చివరి ఇంట్లో బిందె అడుగు కూడా తడవడం లేదని తేలింది. వాల్వు తిప్పే వేళలు మారింది ఆ తర్వాతే. లైనుకు నేరుగా మోటారు బిగించి లాగుతున్న ఇళ్ల సంగతీ అప్పుడే బయటపడింది. ఇరుగుపొరుగే నచ్చజెప్పి మాన్పించారు.

ఆ పుస్తకం రాసినవాళ్లంతా ఆడవాళ్లే. నీళ్ల కోసం కాచుకుని కూర్చునేది వాళ్లే కదా. నీటి వ్యవహారాల్లో వాళ్లది కీలక పాత్ర అని 1992లో నీటిపై డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సే ఒక సూత్రంగా చెప్పింది. అయినా చాలా కమిటీల్లో వాళ్లకు చోటు ఉండదు. నాకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అందుకే పడితే కుండపోత, లేదంటే వారాల తరబడి చుక్క రాలని పరిస్థితి పెరుగుతోంది. పాత సగటు వర్షపాతాన్ని నమ్ముకున్న ప్రణాళికలు ఇక్కడే బోల్తా పడతాయి. ఏ బోరు ముందు ఎండుతుందో, ఏ సందు ముందు మునుగుతుందో అక్కడ ఉండేవాళ్లకే ముందు తెలుస్తుంది.

2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం కరువుతో కుళాయిలు కట్టేసే 'డే జీరో' అంచుకు వెళ్లింది. మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నారు. జలాశయాల్లో ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు చెబుతూ వచ్చారు. జనం వాడకం తగ్గించారు, తర్వాత వానలూ పడ్డాయి, ఆ రోజు రాలేదు. గొప్ప విషయమే. అయితే అక్కడ జనాన్ని ప్రధానంగా కోరింది పొదుపు, పైగా డబ్బున్నవాళ్లు సొంత బోర్లు వేసుకున్నారు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో 1989 నుంచి జరిగింది వేరు. పేటల సభల్లో జనమే కూర్చుని నగర బడ్జెట్‌లో కొంత భాగం దేనికి పెట్టాలో తేల్చారు. పేదల పేటలకు నీటి, డ్రైనేజీ లైన్లు రావడానికి అది తోడ్పడింది. నేను భాగస్వామ్యం అనేది దాన్నే.

మీ దగ్గర కమిటీ వేస్తామంటే మొదటి రోజే రెండు అడగండి. సరఫరా లెక్కలు మాకు ఇస్తారా? మేం రాసిచ్చినదానికి రాతపూర్వకంగా జవాబిస్తారా? ఇక కరువొచ్చాక కమిటీ వేస్తే ట్యాంకర్ల పంపకంతోనే సరిపోతుంది. వానలు ఆగి, నిల్వ ఎంతుందో తేలిన నెలలోనే కూర్చోవాలి.