నాయకుడి సలహాకు నా మనస్సాక్షి ఒప్పుకోకపోతే? మోర్మన్ సంఘంలో ఉంటూ రాస్తున్న జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సంఘం తరఫున సువార్త ప్రకటించే మిషన్ సేవ ముగించుకుని ఇంటికి వచ్చారు. పైచదువుకు వెళ్లాలని ప్రార్థించి నిశ్చయించుకున్నారు. మీ స్థానిక నాయకుడేమో చదువు సంగతి తర్వాత, ముందు సంఘంలోనే ఒకరిని చూసి పెళ్లి చేసుకోమంటున్నారు. ఆయన మాట కాదంటే దేవుని మాట కాదన్నట్టేనా అని మీకు భయం పట్టుకుంది.

కాదు. ఆ భయం మీకు అవసరం లేదు. నేను హైదరాబాదులో చదువుకునే రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నాను, ఇప్పటికీ ఈ సంఘంలోనే ఉన్నాను, ఇక ముందూ ఉండాలనే కోరుకుంటున్నాను. అలాంటి మనిషిగానే ఈ మాట చెబుతున్నాను.

నాకు బోధించిన మిషనరీలు తమ మాట నమ్మమని అడగలేదు. మన సంఘ లేఖనమైన మోర్మన్ గ్రంథంలో మొరోనై 10వ అధ్యాయం చూపించి, ఇది నిజమో కాదో దేవుణ్ణే అడగమన్నారు. ఇంట్లో అమ్మ వద్దని ఏడ్చింది. అయినా ప్రార్థనలో దొరికిన జవాబును నమ్మి నీళ్లలోకి దిగాను. కన్నతల్లి మాటను సైతం దాటిన ఆ సాక్ష్యం, బాప్తిస్మం అయిన మర్నాటి నుంచి స్థానిక సంఘాన్ని నడిపే బిషప్ ఎదుట నోరెత్తకూడదంటే నేను ఒప్పుకోలేను. మనలో చాలామంది విశ్వాసం మొదలైందే మనస్సాక్షి దగ్గర.

నాయకుడి మాట కాదనకూడదనే వాళ్లు ఎత్తిచూపే 'ప్రవక్త (అంటే సంఘ అధ్యక్షుడు) దారి తప్పించడు' అన్న మాటను ఎవరు, ఎప్పుడు అన్నారో కూడా గుర్తుపెట్టుకోండి. 1890 అక్టోబరులో అప్పటి సంఘ అధ్యక్షుడు విల్ఫర్డ్ ఉడ్రఫ్ అన్నారు. బహుభార్యత్వం దేవుని ఆజ్ఞ అని నమ్మి, దానికోసం జైళ్లకు వెళ్లిన జనం ఎదుట, ఇకపై అలాంటి వివాహాలు వద్దని ప్రకటించిన సందర్భమది. కలవరపడుతున్న ప్రజలకు ఇచ్చిన ధైర్యం అది. ప్రతి వార్డులో, అంటే ప్రతి స్థానిక సంఘంలో, ప్రతి బిషప్ ఇచ్చే ప్రతి సలహాకూ అది ముద్ర కాదు. 2013 అక్టోబరు సర్వసభ్య సమావేశంలో డీటర్ ఉక్‌డార్ఫ్, అప్పుడు సంఘ అత్యున్నత నాయకత్వమైన ప్రథమ అధ్యక్షత్వంలో సభ్యుడిగా ఉంటూనే, సంఘ నాయకులు పొరపాట్లు చేసిన సందర్భాలున్నాయని వేదిక మీదనే చెప్పారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1945లో సంఘ పత్రికలో వార్డు బోధకుల కోసం వచ్చిన ఒక సందేశం, నాయకులు మాట్లాడితే ఇక ఆలోచించడం ముగిసినట్టేనని రాసింది. అది చదివి కలత చెందిన యూనిటేరియన్ అనే వేరే సంఘానికి చెందిన ఒక పాస్టరు లేఖ రాస్తే, అప్పటి అధ్యక్షుడు జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ జవాబిచ్చారు: అది సంఘం వైఖరి కాదు, ప్రతి మనిషీ తన సాక్ష్యాన్ని తానే సంపాదించుకోవాలి. విచారమేమిటంటే ఆ సందేశాన్ని పత్రికలో అందరూ చదివారు, జవాబు మాత్రం ఉత్తరంగానే ఉండిపోయింది. మన వార్డుల్లో ఇప్పటికీ మొదటిదే ఎక్కువగా వినిపిస్తుందని నాకు అనిపిస్తుంది.

ఈ విషయంలో నన్ను అందరికన్నా ఎక్కువగా ఆలోచింపజేసినవాడు హెల్ముట్ హ్యూబెనర్. హాంబర్గ్‌లోని మన సంఘ శాఖలో సభ్యుడు, 1925లో పుట్టాడు. యుద్ధకాలంలో దొంగచాటుగా బీబీసీ వార్తలు విని, హిట్లర్ ప్రభుత్వం చెబుతున్న అబద్ధాలను బయటపెడుతూ కరపత్రాలు టైపు చేసి, స్నేహితులతో కలిసి పంచాడు. 1942 ఫిబ్రవరిలో అరెస్టయ్యాడు. కొద్ది రోజుల్లోనే, నాజీ పార్టీ సభ్యుడైన శాఖాధ్యక్షుడు అతణ్ణి సంఘం నుంచి వెలివేశాడు. అక్టోబరు 27న బెర్లిన్ ప్లోట్జెన్‌జే జైల్లో తల తీశారు. అప్పటికి 17 ఏళ్లు. రాజులకు, పాలకులకు లోబడి ఉండాలని మన విశ్వాస ప్రమాణాల్లో 12వది చెబుతుంది. శాఖాధ్యక్షుడి చేతిలో ఆ వాక్యం ఉంది, నాజీల రహస్య పోలీసు గెస్టపో వల్ల తన చిన్న సంఘానికి ఏమవుతుందోనన్న భయమూ ఉండి ఉండవచ్చు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అయినా దేవుని ఎదుట సరైనవాడు ఎవరన్న విషయంలో నాకు సందేహం లేదు. యుద్ధం ముగిశాక 1946లో సంఘమే ఆ వెలిని రద్దు చేసింది.

మీ చదువు అంత ప్రమాదకరమైన విషయం కాదని తెలుసు. ఈ ఉదాహరణ ఎందుకంటే, నాయకుడి మాట కాదన్నవాడు విశ్వాసం లేనివాడని తేల్చేసే వాళ్లు ఆ కుర్రవాడిని ఏ వరుసలో నిలబెడతారో చెప్పలేరు. ఇంకో సంగతి: సంఘం దిద్దుకునేదాకా ఆగమనడం తేలిక, ఆగే మనిషికి మాత్రం అది జీవితమే. నల్లజాతివారికి యాజకత్వాన్ని, అంటే సంఘంలో దేవుని పేరిట సేవ చేసే అధికారాన్ని, నిరాకరించే విధానాన్ని సంఘ రెండో అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ 1852లో ప్రకటించారు. అది 1978 జూన్‌లో గానీ పోలేదు. దాన్ని సమర్థిస్తూ నాయకులు తరతరాలుగా చెప్పిన సిద్ధాంతాలను 2013లో సంఘమే తన వ్యాసంలో తోసిపుచ్చింది. మధ్యలో ఎందరో విశ్వాసులు అలాగే పుట్టి, అలాగే పోయారు.

నా అనుభవం చిన్నది. నాన్న పోయాక మొదటి తద్దినం. కర్త అన్నయ్యే. పక్కన కూర్చోమని మాత్రమే అమ్మ నన్ను అడిగింది. మా నాయకుడొకరు, వెళ్తే విగ్రహారాధనలో పాలు పంచుకున్నట్టేనని, వెళ్లవద్దని చెప్పారు. లేఖనంలో ఎక్కడుందో చూపమని అడిగాను. 'నేను నీ యాజకత్వ నాయకుణ్ణి' అన్నారు. నేను ఉపవాసం ఉండి ప్రార్థించాను. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞే మళ్లీ మళ్లీ మనసులోకి వచ్చింది. మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లి, పూజలో పాల్గొనను గానీ అమ్మ పక్కన కూర్చుంటానని చెప్పి వెళ్లాను. పిండాలు పెట్టే వేళ అమ్మ నా చెయ్యి వదల్లేదు. తర్వాత కొన్నాళ్లు ఆయన నాతో ముభావంగా ఉన్నారు, యువకుల తరగతికి బోధించమని సంఘం నాకిచ్చిన బాధ్యత నుంచి నన్ను విడుదల చేశారు. కారణం అదేనో కాదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆదివారాలు మానలేదు. ఆయన ఆశీర్వదించిన ప్రభు సంస్కారాన్నే (రొట్టె, నీళ్లు) తీసుకున్నాను.

అలా వెళ్లగలగడానికి నాకు బలమిచ్చింది మన లేఖనాల్లో ఒకటైన 'సిద్ధాంతము మరియు నిబంధనలు' గ్రంథంలోని 121వ ప్రకరణం. 1839లో మిస్సోరిలో, లిబర్టీ చెరసాల నుంచి మన సంఘ స్థాపకుడు జోసఫ్ స్మిత్ రాసిన మాటలవి. కొద్దిపాటి అధికారం చేతికి రాగానే దాదాపు మనుషులందరూ దాన్ని అన్యాయంగా వాడతారని, యాజకత్వం పేరు చెప్పి ఎవరినీ వంచకూడదని, నచ్చజెప్పడం, దీర్ఘశాంతం, ప్రేమ ద్వారానే నడిపించాలని అందులో ఉంది. కాబట్టి కారణం అడగడం తిరుగుబాటు కాదు. నచ్చజెప్పవలసిన బాధ్యత ఆయనదే.

ఇదే సంఘ చరిత్ర రెండో వైపు కూడా నేర్పుతుంది. 1830లో హైరమ్ పేజ్ అనే సభ్యుడు ఒక రాయి ద్వారా సంఘం మొత్తానికీ ప్రత్యక్షతలు, అంటే దేవుని సందేశాలు, వస్తున్నాయన్నాడు. కొందరు నమ్మారు కూడా. సంఘమంతటి కోసం ప్రత్యక్షత పొందేది ప్రవక్త ఒక్కరేనని అప్పుడు తేల్చవలసి వచ్చింది. మీ జీవితం గురించి మీకు జవాబు రావచ్చు, మీ వార్డు ఎలా నడవాలన్నది మీ ప్రార్థనతో తేలదు. మనసు చెప్పిందల్లా మనస్సాక్షి కూడా కాదు. నా వరకు నేను చూసుకునేది ఒకటే: దశమభాగం వద్దు, ఉపవాసం వద్దు, క్షమించనక్కర్లేదు అంటూ లోపలి గొంతు ఎప్పుడూ నాకు సుఖమైనదే చెబుతుంటే దాన్ని నమ్మను. కష్టమైనదాన్ని చేయమన్నప్పుడు ఎక్కువ శ్రద్ధగా వింటాను.

ఇక మీ సంగతి. పైచదువు విషయంలో మీరు ప్రవక్తల మాటకు ఎదురు వెళ్లడం లేదు. యువతీ యువకులందరూ వీలైనంత చదువుకోవాలని సంఘ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు గోర్డన్ హింక్లీ గట్టిగా చెప్పారు. పేద దేశాల్లోని సభ్యుల చదువుకోసం 2001లో నిత్య విద్యా నిధిని ప్రకటించింది కూడా ఆయనే. పెళ్లి గురించి సలహా ఇచ్చే హక్కు మీ నాయకుడికి ఉంది. ఎవరిని, ఎప్పుడు అన్నది మీదే. ఆయన్ను తప్పించుకు తిరగకండి. ఒక ఆదివారం సమయం అడిగి, మీరు ఎలా ప్రార్థించారో, ఏ జవాబు వచ్చిందో చెప్పండి. ఆయన సలహాకు ఆధారమేమిటో మర్యాదగా అడగండి. ఆయన చెప్పింది విని, ఇంటికి వెళ్లి మరోసారి మోకాళ్లూనండి. జవాబు మారకపోతే దరఖాస్తు పంపండి, పంపానని ఆయనకు మీరే చెప్పండి. దానివల్ల ఆయన మిమ్మల్ని ఒత్తిడి చేస్తే, కొన్ని వార్డులకు పైన ఉండే స్టేక్ అధ్యక్షుణ్ణి కలవవచ్చు. మీ అమ్మానాన్నలకు కూడా ముందే తెలియనివ్వండి, ఈ మాట వాళ్లకు ఇంకెవరి ద్వారానో చేరకూడదు.